బంధములు – వాని ధర్మములు



మనుష్యులకు పరస్పరము గల బంధములు ఎన్ని విధములు, అవి ఏ ధర్మముచే నడచును అనునది ఈనాటి ప్రసంగ విషయము. ఇది గ్రంథములు చదివినవారికి మాత్రమే సంబంధించిన సంగతి కాదు. చావడిలోనో రావిచెట్టు నీడనో కూర్చుండి, అన్నదమ్ముల పంపకములు, ఆలుమగల అలుకలు, గట్టు తగాదాలు, అప్పుల చిక్కులు వినవలసివచ్చు పెద్దలకు ఇది నిత్యము పనికివచ్చునది. మన యొద్దకు వచ్చు తగవులలో పెక్కు సొమ్మును గూర్చినవిగానో భూమిని గూర్చినవిగానో కన్పట్టును. విచారించి చూచినచో, ఒక బంధమునకు చెల్లవలసిన ధర్మమును వేరొక బంధమునకు చెల్లింపబూనుట వలన పుట్టినవే వానిలో అనేకములు. కావున తీర్పు చెప్పుటకు ముందు, ఎదుట నిలిచిన యిరువురకు గల బంధమెట్టిదో తేల్చుకొనవలెనని నా మనవి.

ఉదాహరణములకు దూరము పోనక్కరలేదు. కామారెడ్డి జిల్లాలో, బాన్సువాడ రెవిన్యూ డివిజనునందు డోంగ్లి గ్రామము కలదు. పూర్వము మద్నూరు మండలములోనిదై, 2022వ సంవత్సరమున తానే యొక మండలమునకు కేంద్రమైనది. మహారాష్ట్రపు సరిహద్దు దానికి సమీపముననే యున్నది. ఆ సీమలో పారు మంజీరానది ఉత్తరముగా పోయి కందకుర్తి యొద్ద గోదావరిలో కలియును. అచ్చట తెలుగును మరాఠీయును రెండును ఇంటిమాటలే; సంతలో కన్నడమును చెవిని పడుచుండును. హైదరాబాదు రాజ్యకాలమున బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు నాందేడ్ జిల్లాలోని దెగ్లూరు తాలూకాకు చెందియుండెడివి. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు ఆ రెండు సర్కిళ్లు ఆంధ్రప్రదేశమున చేరినవి. తాలూకాలో మిగిలిన భాగము బొంబాయి రాష్ట్రములోనికి పోయి, 1960లో మహారాష్ట్రమున చేరినది. గీత గీచినవారు ప్రధానముగా భాషను చూచి గీచిరి. ఆ గీతకు ఇరుప్రక్కల వియ్యములందినవారు మాత్రము ఎప్పటివలెనే పెండ్లిండ్లకును పండుగలకును రాకపోకలు సాగించుచున్నారు. ఒకే బంధమునకు రెండు భాషలలో రెండు పేళ్లును, రెండు మర్యాదలును కన్పట్టు ఆ సీమ మన విచారణకు మిక్కిలి అనువైనది.

ముందుగా రక్తసంబంధమును తీసికొందము. తెలుగువారు తండ్రి అన్నను పెదతండ్రి యనియు, తమ్ముని పినతండ్రి యనియు అందురు. తల్లి అక్కచెల్లెండ్రు పెత్తల్లి, పినతల్లి. వీరి సంతానము మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. తల్లికి సోదరుడైనవాడు మేనమామ, తండ్రికి సోదరియైనది మేనత్త. వారి బిడ్డలు బావలు, మరదండ్రు, వదినెలు. పిలుపులోనే ఎవరితో వియ్యమందవచ్చునో ఎవరితో కూడదో తెలిసిపోవును. అమెరికా దేశస్థుడైన లూయీ హెన్రీ మోర్గన్ అను పండితుడు 1871లో అచ్చు వేయించిన పెద్ద గ్రంథమునందు తమిళ, తెలుగు వరుసలను చేర్చి, అట్టి యేర్పాటే తన దేశపు ఆదిమవాసులలో కొందరికి ఉండుట చూచి ఆశ్చర్యపడెను.

సరిహద్దు దాటినచో పద్ధతి మారును. మరాఠీలో పినతండ్రి కొడుకు ‘చులత్ భావు’, పినతల్లి కొడుకు ‘మావస్ భావు’, మేనమామ కొడుకు ‘మామే భావు’, మేనత్త కొడుకు ‘ఆతే భావు’. నలుగురును ‘భావు’లే, అనగా సోదరులే. మనకు బావయైనవాడు వారికి పిలుపున అన్నదమ్ముడగుచున్నాడు. అయినను మేనమామ కూతురిని పెండ్లాడు ఆచారము మహారాష్ట్రమున పెక్కు కులములలో కలదు. ఇరావతీ కర్వే అను విదుషి 1953లో ప్రకటించిన గ్రంథమున ఈ సంగతులను వివరించి, మహారాష్ట్రమును ఉత్తర దక్షిణముల నడిమి మండలముగా గణించినది. దీనినిబట్టి తేలునదేమనగా, పిలుపు ఒక్కటియే బంధమును నడపదు. దాని వెనుక నలుగురు ఒప్పుకొన్న ధర్మము నడపును. దెగ్లూరు వైపునుండి వచ్చిన కోడలు, మనము బావయనువానిని ‘భావూ’ అని పిలిచి పరిహాసమాడక తల వంచుకొని పోయినచో, ఆమెకు గర్వమని తలచరాదు. ఆమె తన యింట నేర్చిన మర్యాదను పాటించుచున్నది.

రక్తసంబంధము యొక్క ధర్మమేమి? ఒక పొయ్యి మీద వండుకొని తినునంతకాలము లెక్క లేకుండుట. అన్న దున్నెను, తమ్ముడు చదివెను, తల్లి పెట్టెను అని ఎవరును పద్దు వ్రాయరు. వ్రాసినచో అది కుటుంబము కాదు, దుకాణము. కాని పొయ్యిలు వేరైన దినమున ఈ ధర్మము మారును. అప్పుడు లెక్క కావలెను, సాక్షులు కావలెను, కాగితము కావలెను. “మనలో మనకు వ్రాతలెందుకు” అను మాట ప్రేమచే పుట్టినదే కావచ్చును. దాని ఫలమును మాత్రము మనుమలు అనుభవింతురు. బావి నీటి వంతులు, బండిబాట, గట్టుమీది చెట్లు – ఈ మూటిని వ్రాయక విడిచిన పంపకము సగము పంపకమే. మరాఠీలో ‘భావుబంద్’ అనగా దాయాది. ‘భావుబందకీ’ అనగా దాయాదుల పోరు. మన దాయాది శబ్దమునకును లోకములో అట్టి ఛాయయే అంటుకొన్నది. ఒక గర్భమున పుట్టినవారి నడుమ పగ యెంత సులభముగా పుట్టునో రెండు భాషలవారును చక్కగా ఎరుగుదురు. కావున అన్నదమ్ములకు వ్రాత వ్రాయించి రిజిస్టరు చేయించు పెద్ద, వారి ప్రేమను శంకించినవాడు కాడు, కాపాడినవాడు.

ఈ సందర్భమున ఆడబిడ్డను మరువరాదు. పండుగకు పిలిచి, చీర పెట్టి, కంట తడితో సాగనంపుటతో ఆమె బాకీ తీరినదని అనుకొనువారు ఇప్పటికిని కలరు. చీర ప్రేమకు గుర్తు, పాలు హక్కు. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో, అప్పటికి వివాహము కాని కుమార్తెలకు ఆంధ్రప్రదేశ శాసనసభ 1986లో సమాన హక్కు కల్పించినది. మహారాష్ట్రము 1994లో అట్టి చట్టమునే చేసినది. 2005లో పార్లమెంటు చేసిన సవరణచే వివాహితలకును పుట్టుకతోనే కుమారునితో సమాన హక్కు దేశమంతట వచ్చినది. 2005 నాటికి తండ్రి జీవించి యుండనక్కరలేదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టపరచినది. చెల్లెలు తన పాలు తానై వదలుకొనవచ్చును. అయితే “పాలు అడిగినచో పుట్టినింటి గడప తొక్కనీయము” అని బెదరించి వ్రేలిముద్ర వేయించినచో దానిని వదలుకొనుట యనరు. ప్రేమను తాకట్టు పెట్టించి హక్కును వ్రాయించుకొనుట యందురు.

రెండవది వియ్యము. మన వియ్యంకుని మరాఠీవారు ‘వ్యాహీ’ యందురు. మాటలు కూడ వియ్యమందినట్లే యున్నవి. ఈ బంధమునకు లెక్క కలదు గాని అది బజారు లెక్క కాదు, మర్యాద లెక్క. ఇచ్చినది పుచ్చుకొనవలెను; పుచ్చుకొన్నది, కాలము చూచి, రూపము మార్చి తిరిగి ఈయవలెను. మార్సెల్ మాస్ అను ఫ్రెంచి పండితుడు 1925లో వెలువడిన తన వ్యాసమునందు, నానాదేశముల ఆచారములను పరిశీలించి, కానుకకు మూడు విధులున్నవని చెప్పెను: ఇచ్చుట, పుచ్చుకొనుట, తిరిగి ఇచ్చుట. మన పెండ్లి పందిళ్లలో కట్నములు చదివించునప్పుడు ఒకడు కూర్చుండి నోటుపుస్తకమున వ్రాయుచుండుట ఎల్లరును చూచినదే. ఆ పుస్తకము లోభమునకు గుర్తు కాదు. రేపు వారి యింట శుభకార్యమైనప్పుడు మనము మరువకుండుటకై వ్రాసికొన్న జ్ఞాపకము.

తెలంగాణమున ఆడబిడ్డకు పుట్టినింటివారు ఒడిబియ్యము పోయుదురు. మరాఠీ ఇండ్లలో ‘ఓటీ’ నింపుట యను ఆచారము దానికి తోబుట్టువు. ఆ గుప్పెడు బియ్యమును ఎవరును తూకము వేయరు. తూకము వేయు దినము వచ్చినచో అది ఒడిబియ్యము కాదు, కట్నపు బేరము. కానుకకును కట్నమునకును భేదము ఒకే మాటలో కలదు: కానుక ఈయబడును, కట్నము అడుగబడును. 1961 నాటి వరకట్న నిషేధ చట్టము ప్రకారము అడుగుటయు, పుచ్చుకొనుటయు, ఇచ్చుటయు నేరములే. అడుగకుండ ప్రేమతో ఇచ్చిన వస్తువులకు జాబితా వ్రాసి ఉంచవలెనని 1985 నాటి నియమములు చెప్పుచున్నవి. పెండ్లికి పెద్దరికము వహించువారు ముహూర్తముతో పాటు ఈ జాబితాను కూడ జ్ఞప్తియందుంచుకొన్నచో, తరువాతి కాలమున అనేక కన్నీళ్లు తప్పును.

మేనరికమును గూర్చి ఒక మాట. 1955 నాటి హిందూ వివాహ చట్టము ఆచారము గల చోట దానిని అంగీకరించినది. రెండిండ్ల మైత్రి నిలుచునని, భూమి చెదరదని పూర్వులు దానిని మెచ్చిరి. కాని రక్తసంబంధము సమీపమైన కొలది, వంశమున దాగిన కొన్ని వ్యాధులు బిడ్డలకు సంక్రమించు భయము హెచ్చునని వైద్యశాస్త్రము నిర్ధారించినది. మేనమామకు మేనకోడలిని ఇచ్చుటలో ఆ భయము మరింత అధికము. మేనత్త, మేనమామల ప్రేమ నిలుపుకొనుటకు వియ్యమొక్కటే మార్గము కాదు.

మూడవది ఊరివరుస. ఒక ఊరివారు రక్తము కలియకున్నను, కులము వేరైనను, మామా, అక్కా, కాకా, అవ్వా అని వరుసలు కలుపుకొందురు. ఇది మన పల్లెలకు అలంకారము. దీని ధర్మము సమీపమున ఉండుట. ఇల్లు తగులబడినప్పుడు దెగ్లూరులోని మేనమామ కన్న ప్రక్కయింటి ‘మామ’ ముందు వచ్చును. రాత్రివేళ ప్రసవవేదన మొదలైనప్పుడు బండి తెచ్చువాడు అతడే. “నేడు నీ చేనిలో నేను, రేపు నా చేనిలో నీవు” అని పనిని బదులు చేసికొనుటయు ఈ బంధము వలననే. అయితే ‘మామా’ అని నోట పిలిచి, ఆ మామను గడప లోనికి రానీయక, అతని గ్లాసు వేరుగా బోర్లించు ఇండ్లు ఉన్నంతకాలము ఆ పిలుపు పైపూతయే. అంటరానితనమును రాజ్యాంగము 17వ అధికరణముచే రద్దు చేసినది. చట్టము భయపెట్టగలదు, వరుసను నిజము చేయవలసినవారు పెద్దలే. పెద్ద యొకడు తన అరుగు మీద చాప పరచి ఆ మామను కూర్చుండబెట్టినచో, ఊరు చూచి నేర్చుకొనును.

నాలుగవది పనివానికిని యజమానికిని గల బంధము. ఈ సీమలోని యొక గ్రామమున జరిగిన తగవును నేను కూర్చుండి వింటిని. ఊరి పేరు చెప్పనక్కరలేదు. ఒక బాలుడు పది పన్నెండేండ్ల ప్రాయమున ఒక రైతు ఇంట పసులు కాయుటకు చేరెను. పెరిగి పెద్దవాడై దున్నెను, మోట్లు మోసెను, రాత్రులు నీరు పెట్టెను. యజమానిని పెద్దబాపు అని పిలుచువాడు. అన్నము, బట్ట ఆ యింటివే. వివాహము కుదిరినప్పుడు, తనకు రావలసిన జీతము లెక్క చూడుమని అడిగెను. యజమాని నిజముగనే నొచ్చుకొనెను. “కొడుకువలె పెంచితిని. కొడుకునకు జీతమేమి?” అనెను. కూర్చున్న పెద్దలు తలలు వంచిరి. ఆ మాటలో కొంత సత్యము లేకపోలేదు. అంతట గోడకు చేరగిలబడి వినుచున్న ఒక ముసలమ్మ ఇట్లనెను: “కొడుకైతే పాలు పెట్టు. జీతగాడైతే జీతమియ్యి. రెండును కాదంటే వీడు నీకేమైతడు?”

ఆ ప్రశ్నకు ఎవరును జవాబు చెప్పలేకపోయిరి. సాయంకాలమునకు లెక్క తేలినది. పెట్టిన అన్నము కొడుకునకు పెట్టినట్లే ఖర్చు వ్రాయక, జీతము జీతగానికి ఇచ్చినట్లే సంవత్సరముల వారీగా కట్టి ఇచ్చిరి. పెండ్లిలో ఆ యజమానియే పెద్దగా నిలిచెను. జీతము ఇచ్చినందున ప్రేమ తరుగలేదు. ఈయకున్నచో మాత్రము మిగిలియుండెడిది కాదు.

మన ప్రాంతమున జీతము, భాగేలా అను పేళ్లతో, చిన్న అప్పునకు మనిషిని ఏండ్ల తరబడి కట్టివేయు పద్ధతి పూర్వము కలదు. 1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టము ఆ పేళ్లను కూడ పేర్కొని, అట్టి ఒప్పందములన్నిటిని కొట్టివేసినది. అట్టి అప్పులు తీర్చనక్కరలేదని చెప్పినది. ఈ బంధము యొక్క ధర్మము సుస్పష్టము: పనికి కూలి, కాలమునకు లెక్క, నోటికి మర్యాద. తీయని పిలుపు కూలికి బదులు కాదు. కూలి ఇచ్చితిమను కారణమున మర్యాద తప్పుటకును వీలు లేదు.

ఐదవది స్నేహము. దీనికి పుట్టుక లేదు, పందిరి లేదు, పత్రము లేదు. ఇరువురి యిష్టమే దీనికి మూలము. అందుచే ఇది అన్నిటికన్న స్వతంత్రము, అన్నిటికన్న సున్నితము. దీని ధర్మము నమ్మకము, దాని వెంట నిజము చెప్పుట. బంధువు చెప్ప వెనుదీయు మాటను స్నేహితుడు చెప్పవలెను. ఈ బంధము చెడుట తరచుగా జామీను వలన. స్నేహితుడు అడిగినాడని కాగితము చదువకయే సంతకము చేయువారు కలరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము, ఒప్పందములో వేరుగా వ్రాసికొననియెడల, అప్పు తీసికొన్నవానికి ఎంత బాధ్యతయో జామీనుదారునకును అంతయే. అప్పు ఇచ్చినవాడు నేరుగా జామీనుదారునినే పట్టుకొనవచ్చును. కావున జామీనుండువాడు ఆ సొమ్ము తానే తీర్చవలసివచ్చునని యెంచి, తీర్చగలిగినంతకే సంతకము చేయవలెను. తీర్చలేనిదానికి “లేదు” అనుట స్నేహద్రోహము కాదు. చేబదులు ఇచ్చి అడుగలేక మనసులో క్రాగుచు తిరుగుట కన్న, ఇచ్చునప్పుడే “ఇది నీకు ఊరక ఇచ్చితిని” అనియో, “కోతలనాటికి ఈయవలెను” అనియో స్పష్టముగా చెప్పుట మేలు.

ఇట్లు ఐదు విధములను చూచితిమి. ఇవి వేరువేరు గదులలో ఉండునవి కావు. అన్నయే కౌలుదారు కావచ్చును. వియ్యంకుడే అప్పిచ్చినవాడు కావచ్చును. ప్రక్కయింటివాడే ప్రాణస్నేహితుడు కావచ్చును. చిక్కు అక్కడనే పుట్టును. అన్న కౌలు ఈయనప్పుడు తమ్ముడు “అన్నవై యుండి ఎగవేసితివి” అనును. అన్న “తమ్ముడవై యుండి కౌలు అడుగుదువా” అనును. ఇరువురును రెండు బంధములను ఒక ముడి వేసి లాగుచున్నారు. పెద్దలు చేయవలసిన పని ఆ ముడిని విప్పుట. కౌలును కౌలుగా తేల్చి, ఆ పిమ్మట అన్నదమ్ములను అన్నదమ్ములుగా కూర్చుండబెట్టవలెను. రెంటిని ఒక్క మారే తేల్పబోయినచో రెండును చెడును.

అందుచే ఏ తగవు వచ్చినను మూడు ప్రశ్నలు వేయుడని నా సూచన. ఇది ఏ బంధమునకు సంబంధించిన తగవు? ఆ బంధమున ఎవరికి ఏమి చెల్లవలెను? ఒక బంధము పేరు చెప్పి మరియొక బంధపు బాకీని ఎవరైన ఎగవేయుచున్నారా? ఈ మూటికి జవాబు దొరికినచో తీర్పు చాలవరకు దానంతట అదియే తోచును.

మన పెద్దరికమునకును ఒక హద్దు కలదు. భార్యను కొట్టుట ఆలుమగల అలుక కాదు. 2005 నాటి గృహహింస చట్టము ఆమెకు రక్షణ కల్పించినది. ఆడపిల్లకు 18, మగపిల్లవానికి 21 సంవత్సరములు నిండక పెండ్లి చేయుట వియ్యము కాదు, నేరము. ఈడు వచ్చిన ఇరువురు ఇష్టపడి చేసికొను వివాహమును అడ్డగించుటకు ఏ పంచాయతీకిని అధికారము లేదని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. ఇట్టి సంగతులలో రాజీ చేయుట మన పని కాదు. బాధపడినవారిని చేయి పట్టి న్యాయస్థానము దాక తీసికొనిపోవుటయే మన పని. 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద స్త్రీలకు, బాలురకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి వకీలు ఖర్చు లేకుండ లభించును. ఈ ఒక్క సంగతిని ఊరిలో నలుగురకు తెలియజేసినను గొప్ప మేలు చేసినవారగుదురు.

రాష్ట్రముల ఎల్లలు మారినవి, తాలూకాలు మండలములైనవి, కచ్చేరీలు తరలిపోయినవి. తగవు కలిగినవాడు మాత్రము ఇప్పటికిని మొదట పెద్దమనిషి వాకిటికే వచ్చుచున్నాడు. వాడు వచ్చినప్పుడు చాప వేసి, నీరు ఇచ్చి, “ఎవరితో నీకు పేచీ?” అని యడుగుటతో ఆగక, “అతడు నీకేమగును?” అనియు అడుగుడు. ఇక సెలవు.